విదేశీ చదువుతో చరిత్ర, సంస్కృతి తెలుస్తాయా? అపోహలు - వాస్తవాలు

విదేశాలకు చదువుకోవడానికి వెళ్లే విద్యార్థులకు చరిత్ర బోధించడం, వారి క్షేత్ర పర్యటనలకు రూపకల్పన చేయడం నా వృత్తి. ఈ చదువుల విషయంలో విద్యార్థుల్లోనూ, వారి తల్లిదండ్రుల్లోనూ పాతుకుపోయిన అభిప్రాయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎక్కువ నష్టం చేసేదానితోనే మొదలుపెడతాను.

అపోహ: అక్కడ ఉంటే చాలు, చరిత్ర దానంతటదే వంటబడుతుంది.

వాస్తవం: ఒక నగరంలో ఏడాదిపాటు ఉండి కూడా తరగతి గది, హాస్టలు, తమ దేశం నుంచే వచ్చిన స్నేహితులు తప్ప మరేమీ ఎరగకుండా తిరిగి వెళ్లేవారు చాలామందే ఉంటారు. ప్రశ్న లేకుండా వెళ్లినవారికి ఎంత గొప్ప కట్టడమైనా ఫొటోగానే మిగిలిపోతుంది. రోమ్‌లోని సాన్ క్లెమెంతే చర్చినే తీసుకోండి. వీధిలోంచి లోపలికి అడుగుపెడితే కనిపించేది 12వ శతాబ్దపు చర్చి. చాలామంది అక్కడి మొజాయిక్ చిత్రాలను చూసి బయటికి వచ్చేస్తారు. మెట్లు దిగితే 4వ శతాబ్దపు చర్చి ఉంది. దాన్ని శిథిలాలతో నింపి, పునాదిగా చేసుకుని పై చర్చిని కట్టారు. 1857లో జోసెఫ్ ములూలీ అనే ఐర్లండ్ మతగురువు తవ్వకాలు మొదలుపెట్టేదాకా అది భూమిలోనే ఉండిపోయింది. ఇంకా కిందికి దిగితే రోమన్ కాలపు గోడలు, మిత్ర అనే దేవుడు ఎద్దును వధిస్తున్న శిల్పమున్న బలిపీఠం ఎదురవుతాయి. నీరు పారే చప్పుడు కూడా వినిపిస్తుంది. అక్కడికి వెళ్లేముందు విద్యార్థులకు నేను ఇచ్చే పని ఒక్కటే: ప్రతి అంతస్తులోనూ అంతకుముందు కాలానికి చెందినవాటిలో దేన్ని పూడ్చారో, దేన్ని వాడుకున్నారో గుర్తించి రాసుకోవాలి. ఆ పనితో దిగినవారికి ఒక మతం స్థానంలోకి మరో మతం ఎలా వచ్చిందో కళ్లకు కడుతుంది.

అపోహ: పాతగా కనిపించేదంతా పాతదే, కాకపోతే అది నకిలీ.

వాస్తవం: పోలండ్ రాజధాని వార్సాలోని పాత పట్టణంలో ఈ అపోహకు రెండువైపులా దెబ్బ తగులుతుంది. 1944లో నగరవాసులు నాజీ ఆక్రమణపై తిరుగుబాటు చేసిన సమయంలో నాజీ సేనలు ఆ చారిత్రక కేంద్రాన్ని 85 శాతానికి పైగా నేలమట్టం చేశాయి. ఇప్పుడు కనిపించే ఇళ్ల వరుసలు చాలావరకు యుద్ధానంతరం తిరిగి కట్టినవే. ఆ పనిలో 18వ శతాబ్దపు చిత్రకారుడు బెర్నార్దో బెలొత్తో గీసిన నగర దృశ్యాలు కూడా తోడ్పడ్డాయి. ఈ సంగతి తెలియగానే కొందరు విద్యార్థుల ముఖం వాడిపోతుంది. నా దృష్టిలో అసలు పాఠం మొదలయ్యేది అక్కడే. సర్వం కోల్పోయిన సమాజం తన నగరాన్ని ఏ శతాబ్దపు రూపంలో చూసుకోవాలనుకుంది, ఆ నిర్ణయం ఎవరిది అనేవి చరిత్ర ప్రశ్నలే. యునెస్కో ఆ పట్టణాన్ని 1980లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి కారణం కూడా ఆ పునర్నిర్మాణమే. జపాన్‌లోని ఇసే మందిరాన్నైతే 20 ఏళ్లకోసారి కొత్తగా కట్టడమే సంప్రదాయం. గత పునర్నిర్మాణం 2013లో జరిగింది.

అపోహ: స్థానికులను అడిగితే వారి సంస్కృతి ఏమిటో చెప్పేస్తారు.

వాస్తవం: ఎవరిని అడిగారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. నాజీల చేతిలో బలైనవారు నివసించిన ఇళ్ల ముందు, కాలిబాటలో పది సెంటీమీటర్ల చదరపు ఇత్తడి ఫలకాలను పొదగడం గుంటర్ డెమ్నిగ్ అనే జర్మన్ కళాకారుడు మొదలుపెట్టిన కార్యక్రమం. ఒక్కో ఫలకం మీద ఒక్కరి పేరు, పుట్టిన సంవత్సరం, వారికి పట్టిన గతి చెక్కి ఉంటాయి. ఇప్పటికి యూరప్ అంతటా లక్షకు పైగా ఫలకాలు ఉన్నాయి. వాటిని క్రమం తప్పకుండా తుడిచి మెరుగుపెట్టే స్థానికులూ ఉన్నారు. అయితే జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక మండలి వాటిని బహిరంగ స్థలాల్లో అనుమతించలేదు. బాధితుల పేర్లను పాదచారులు తొక్కుతారని అక్కడి యూదు సమాజ నాయకత్వం నుంచే అభ్యంతరం వచ్చింది. "జర్మన్లు ఇలా అనుకుంటారు" అని వ్యాసంలో రాసే విద్యార్థికి, ఏ జర్మన్లు అన్న ప్రశ్నతోనే కాగితం తిరిగి ఇస్తాను.

అపోహ: భాష బాగా రాకపోతే వెళ్లి ప్రయోజనం లేదు.

వాస్తవం: అక్షరాలు, అంకెలు, వంద రెండు వందల మాటలు వస్తే సమాధుల మీది రాతలు, వీధుల పేర్లు, స్మారక ఫలకాలు చదువుకోవచ్చు. మిగతాది అక్కడే నేర్చుకోవచ్చు.

అపోహ: ఆర్కైవ్స్ (పాత పత్రాలను భద్రపరిచే కేంద్రాలు) పరిశోధకులకే, మామూలు విద్యార్థికి మ్యూజియం చాలు.

వాస్తవం: మ్యూజియంలో ఉన్నది మరొకరు ఏరి, వరుస పెట్టి, వివరణ రాసినది. ఏరకముందు సరుకు ఎలా ఉంటుందో చూడాలంటే ఆర్కైవ్స్‌కు వెళ్లక తప్పదు, అది అనుకున్నంత కష్టమూ కాదు. లండన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్‌లో గుర్తింపు, చిరునామా రుజువులు చూపితే పత్రాలు చూడటానికి కావలసిన రీడర్ టికెట్ ఉచితంగా ఇస్తారు. పాత వలసరాజ్యాల వ్యవహారాల శాఖ ఫైళ్లు తెరిస్తే ఉత్తరాల కన్నా వాటికి జతచేసిన అధికారుల నోట్లే ఎక్కువ విషయం చెబుతాయి: ఒకరు ప్రతిపాదిస్తారు, ఇంకొకరు కింద అడ్డుచెబుతారు, పైవారు ఒక్క వాక్యంతో తేల్చేస్తారు. రీడింగ్ రూమ్‌లోకి పెన్ను తీసుకువెళ్లనివ్వరు, పెన్సిల్ వాడుకోవాలి. సొంత కెమెరాతో ఫొటోలు తీసుకోవచ్చు. కావలసిన ఫైళ్లను కేటలాగ్‌లో వెతికి, వెళ్లేముందే ఆర్డర్ పెట్టుకుంటే మొదటి రోజు వెతుకులాటలోనే గడిచిపోదు.