వాక్యానికి అర్థం చెప్పే అధికారం ఎవరిది? తెగని తగువు, దాని వెనుక చరిత్ర

కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ వాదన వస్తే రెండు నిందలు తప్పకుండా వినిపిస్తాయి. బైబిల్ మీద పోపును కూర్చోబెట్టారని ఒకవైపు, మీలో ఎవరికి వాళ్లే పోపులని ఇంకోవైపు. ఈ రెండూ అవతలివాళ్ల అధికారిక బోధకు సరిపోని మాటలే. లేఖనం దైవప్రేరితమని ఇద్దరూ ఒప్పుకుంటారు. దాన్ని సంఘంలో కూడి చదవాలనీ ఇద్దరూ అంటారు. ఒకే వచనానికి ఇద్దరు విశ్వాసులు రెండర్థాలు చెప్పి, ఇద్దరూ వెనక్కి తగ్గనప్పుడు ఆఖరి తీర్పు ఎవరిదన్నదే అసలు తగువు. తీర్పరి కుర్చీ చరిత్రలో ఎప్పుడూ ఎక్కువకాలం ఖాళీగా లేదు. ఏ కాలంలో అందులో ఎవరు కూర్చున్నారన్నది చూడాలి.

ఇరుపక్షాలూ చూపే వచనాలు దాదాపు అందరికీ తెలిసినవే. పౌలు చెప్పింది నిజమో కాదో లేఖనాలు తిరగేసి చూసుకున్న బెరయవారిని అపొస్తలుల కార్యములు 17:11 మెచ్చుకుంటుంది. అదే గ్రంథం 8వ అధ్యాయంలో ఇథియోపియా అధికారి, దారి చూపేవాడు లేనిదే యెషయా గ్రంథం తనకెలా అర్థమవుతుందని ఫిలిప్పును అడుగుతాడు. సత్యానికి సంఘమే స్తంభమని 1 తిమోతి 3:15 అంటుంది. సొంత వ్యాఖ్యానానికి వ్యతిరేకంగా ఎక్కువగా వాడేది 2 పేతురు 1:20. కానీ దాని తర్వాతి వచనం కలిపి చదివితే, అక్కడి మాట ప్రధానంగా ప్రవచనం ఎక్కణ్నుంచి పుట్టిందన్న దాని గురించేనని తెలుస్తుంది. ఆ ఒక్క వచనం మీదే వాదమంతా నిలబెట్టేవాళ్లు సులభంగా ఓడిపోతారు. సంఘాధికారానికి అంతకన్నా గట్టి ఆధారం కార్యములు 15వ అధ్యాయం. సున్నతి గొడవను అపొస్తలులూ పెద్దలూ యెరూషలేములో కూర్చుని తేల్చి, అన్యజనుల్లోంచి వచ్చిన విశ్వాసులకు ఉత్తరం రాసి పంపారు. అయితే అక్కడ కూడా యాకోబు ఆమోసు ప్రవచనాన్ని చూపించే తీర్పు చెప్పాడు. అందుకే ఆ అధ్యాయం ఇద్దరికీ పనికొస్తోంది.

సుమారు 180లో లియాన్ బిషప్పు ఐరేనియస్ ఎదుర్కొన్న చిక్కు వేరు. రహస్య జ్ఞానంతోనే రక్షణ అని బోధించిన వాలెంటినస్ అనుచరులు సువార్తలను తిరస్కరించలేదు, వాటిలోంచే తమ బోధను బయటికి తీశారు. దొరికిపోయినప్పుడు, అపొస్తలులు రహస్యంగా అప్పగించిన పరంపర తమ దగ్గరుందనేవారు. నేటి వాదనల్లో చాలామంది మరిచిపోయే సంగతి ఇది: ఆ సందర్భంలో లేఖనాన్ని దాటి పరంపర వైపు పరిగెత్తినవాళ్లు దుర్బోధకులే. ఐరేనియస్ రహస్య పరంపరకు ఎదురుగా బహిరంగ పరంపరను నిలబెట్టాడు. బాప్తిస్మం నాడు అందరూ అందుకునే విశ్వాస సారం, ఎవరి తర్వాత ఎవరు బిషప్పులయ్యారో చూపే జాబితా అతని ఆధారాలు. రోమ్ జాబితాలో అపొస్తలుల తర్వాత పన్నెండోవాడైన ఎలుథేరియస్ దాకా పేర్లు రాశాడు.

325 నాటి నీసియా మహాసభలో ఇంకో పాఠం దొరికింది. కుమారుడు తండ్రితో సమానుడు కాడనీ, సృష్టించబడినవాడేననీ చెప్పిన ఏరియస్ వర్గం సామెతలు 8:22, యోహాను 14:28 చూపించేది. బిషప్పులు లేఖనంలోని ఏ మాట ప్రతిపాదించినా, దానికి తమ అర్థం చెప్పుకుని ఆ వర్గం తలూపేదని, ఏరియస్‌ను గట్టిగా ఎదిరించిన అథనేసియస్ రాశాడు. చివరికి తండ్రీ కుమారులది ఒకే తత్వమని చెప్పడానికి బైబిల్లో లేని గ్రీకు పదాన్ని ప్రమాణంలో చేర్చాల్సి వచ్చింది. లేఖనం చెప్పేదాన్ని కాపాడుకోవడానికే లేఖనంలో లేని మాట కావలసి వచ్చిందన్నమాట. మహాసభ తీర్పుతోనే అంతా సర్దుకుందని అనుకున్నా పొరపాటే. 359లో రిమినిలో నాలుగు వందలకు పైగా బిషప్పులు కూడి, చక్రవర్తి కాన్‌స్టాన్షియస్ ఒత్తిడికి లొంగి నీసియాకు విరుద్ధమైన సూత్రం మీద సంతకాలు పెట్టారు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాకా విషయం తేలలేదు. ఏ సభను నమ్మాలో చెప్పే సభ ఏదన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

మధ్యయుగంలో ఆ ప్రశ్న నేరుగా పోపు పీఠానికే తగిలింది. 1378 నుంచి పోపులమని చెప్పుకునేవాళ్లు ఇద్దరు, 1409 నుంచి ముగ్గురు. కాన్‌స్టాన్స్ మహాసభ 1415 ఏప్రిల్‌లో, తన అధికారం నేరుగా క్రీస్తు నుంచి వచ్చిందనీ పోపు కూడా తనకు లోబడాలనీ ప్రకటించింది. మూడు నెలలకు అదే సభ చెక్ సంస్కర్త జాన్ హస్‌ను కాల్చివేతకు పంపింది. 1460లో రెండో పయస్ పోపు, తన తీర్పు మీద మహాసభకు అప్పీలు చేయడాన్నే నిషేధించాడు. ప్రొటెస్టెంట్ సంస్కరణను మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ పుట్టేనాటికే సంఘంలో ఆఖరి మాట ఎవరిదన్నది తేలని విషయం.

1519 జూలైలో లైప్‌జిగ్‌లో ఇది బద్దలైంది. పోపు పక్షాన వాదించడంలో ఆరితేరిన యోహాన్ ఎక్, లూథర్‌ను మెల్లగా హస్ దగ్గరికి నడిపించాడు. హస్ మాటల్లో కొన్ని నికార్సైన క్రైస్తవ బోధలేనని లూథర్ అన్నాడు. అయితే కాన్‌స్టాన్స్ మహాసభ తప్పు చేసిందా అంటే ఇక తప్పించుకునే దారి లేదు: మహాసభలూ తప్పు చేయగలవని ఒప్పుకున్నాడు. మరుసటి ఏడు, లేఖనానికి అర్థం చెప్పే హక్కు పోపు ఒక్కడిదేనన్న వాదనను రోమ్ తన చుట్టూ కట్టుకున్న, కూల్చాల్సిన మూడు గోడల్లో రెండోదిగా లెక్కపెట్టాడు. 1521 ఏప్రిల్ 18న వర్మ్స్‌లో చక్రవర్తి సభ ముందు, లేఖన సాక్ష్యంతోనో స్పష్టమైన హేతువుతోనో ఒప్పిస్తే తప్ప మాట వెనక్కి తీసుకోనన్నాడు. తన మనస్సాక్షి దేవుని వాక్యానికి బందీ అన్నాడే గాని, తన అభిప్రాయమే చాలని అనలేదు. ఈ తేడాను విస్మరించి అతన్ని వ్యక్తి స్వేచ్ఛావాదిగా చూపడం అన్యాయం.

కానీ కుర్చీ ఖాళీ అయింది, దాన్ని ఎవరో ఒకరు నింపాలి. జ్యూరిక్‌లో 1523 జనవరిలో సుమారు 600 మంది ముందు చర్చ జరిగితే, తీర్పు చెప్పింది నగర పాలక మండలి. ఆ నగర సంస్కర్త స్వింగ్లీ దగ్గరే బైబిల్ నేర్చుకున్న యువకులు కొందరు శిశు బాప్తిస్మానికి లేఖనంలో ఆధారమేదని అడిగారు. పుట్టిన పిల్లలకు ఎనిమిది రోజుల్లో బాప్తిస్మం ఇప్పించాలని మండలి ఆజ్ఞాపించింది. వాళ్లు 1525 జనవరి 21న ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు. వారిలో ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరి 5న లిమ్మట్ నదిలో ముంచి చంపారు. చంపినవాళ్లూ చచ్చినవాడూ లేఖనమే ప్రమాణమన్నవాళ్లే. సంస్కరణోద్యమాన్ని ప్రేమించేవాళ్లు ఈ పేజీని దాటేయకూడదు. 1529 అక్టోబరులో మార్‌బుర్గ్‌లో లూథర్, స్వింగ్లీ 15 అంశాల్లో 14 ఒప్పుకుని, ప్రభురాత్రి భోజనంలో క్రీస్తు శరీరం ఉండడం గురించి విడిపోయారు. ఇద్దరూ మూలభాష తెలిసిన పండితులే, వచనమూ ఒకటే.

కాథలిక్కుల ట్రెంట్ మహాసభ 1546 ఏప్రిల్ 8న జవాబిచ్చింది. విశ్వాస, నైతిక విషయాల్లో ఎవరూ సొంత తెలివిని నమ్ముకుని, సంఘం పట్టుకున్న అర్థానికో సంఘ పితరుల ఏకాభిప్రాయానికో విరుద్ధంగా లేఖనాన్ని వ్యాఖ్యానించకూడదంది. చిత్తుప్రతిలో సత్యం కొంత లేఖనంలో, కొంత పరంపరలో ఉందని రాసి, తర్వాత 'కొంత, కొంత' తీసేసి రెండింటిలో ఉందని మార్చారు. ఆ మార్పు ఎందుకన్నదాని మీద కాథలిక్ పండితులే 20వ శతాబ్దంలో గట్టిగా వాదించుకున్నారు. ట్రెంట్ శాసనం చదవడాన్ని నిషేధించలేదు గాని, 1564 నాటి నిషిద్ధ గ్రంథాల నియమావళి మాత్రం వాడుకభాషలో బైబిల్ చదవాలంటే రాతపూర్వక అనుమతి కావాలంది. ప్రొటెస్టెంట్ల ఫిర్యాదుకు అసలు ఆధారం అక్కడుంది.

ప్రొటెస్టెంట్లు కూడా ఊరికే లేరు. 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం మొదటి అధ్యాయం చాలా జాగ్రత్తగా రాసింది. లేఖనంలో అన్నీ ఒకేలా స్పష్టం కావు, రక్షణకు కావలసినవి మాత్రం చదువు లేనివాడికీ అందుతాయి. లేఖనానికి అర్థం లేఖనమే చెబుతుంది. సర్వోన్నత న్యాయాధిపతి లేఖనంలో మాట్లాడే పరిశుద్ధాత్మ. 31వ అధ్యాయం సభల తీర్పులకు గౌరవం ఇస్తూనే, అవి తప్పవచ్చునంటుంది. చిక్కు అక్కడే ఉంది. సభ తప్పిందని నమ్మిన సభ్యుడు బయటికెళ్లి వేరే సంఘం పెడతాడు. అమెరికాలో 1809లో థామస్ క్యాంప్‌బెల్, లేఖనం మాట్లాడినచోట మాట్లాడదాం, మౌనంగా ఉన్నచోట మౌనంగా ఉందామని ఐక్యత కోసం పిలుపునిచ్చాడు. ఆ మౌనమే ఆ ఉద్యమాన్ని చీల్చింది. ఆరాధనలో వాయిద్యాల గురించి కొత్త నిబంధన ఏమీ చెప్పకపోవడం అనుమతా, నిషేధమా? 1906 జనగణన నాటికి వాళ్లు రెండు వేర్వేరు సంఘాలు.

దీన్నే చూపించి, ప్రొటెస్టెంట్లలో 33 వేల శాఖలున్నాయని కొందరు కాథలిక్ వాదులు అంటుంటారు. ఆ అంకె వచ్చిన 2001 నాటి లెక్కలో ఒకే సంఘాన్ని దేశానికొకటిగా లెక్కించారు, కాథలిక్ సభను కూడా అలాగే. చీలికలు నిజమే, ఆ అంకె మాత్రం వాదనకు పనికిరాదు.

1848లో తూర్పు ఆర్థడాక్స్ సంఘాల అధిపతులైన పాట్రియార్కులు పోపుకు రాసిన జవాబులో, విశ్వాసాన్ని కాపాడేది సంఘ శరీరమంతా, అంటే ప్రజలే అన్నారు. రోమ్ దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టింది. 1870 జూలై 18న మొదటి వాటికన్ మహాసభలో పోపు పొరపడడన్న తీర్మానానికి 533 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. వ్యతిరేకుల్లో చాలామంది ముందే ఊరు వదిలారు. సార్వత్రిక సంఘానికి కాపరిగా విశ్వాస, నైతిక సత్యాన్ని పీఠం మీద నుంచి నిర్వచించినప్పుడే పోపు పొరపడడని ఆ తీర్మానం. పోపు ప్రతి మాటా పొరపాటు లేనిదని అందులో లేదు. ఆ తర్వాత అలా నిర్వచించింది 1950లో, మరియమాత పరలోకారోహణం విషయంలో.

రెండో వాటికన్ మహాసభ 1965లో, బోధనాధికారం దేవుని వాక్యానికి పైన లేదని, దానికి సేవ చేస్తుందని స్పష్టంగా రాసింది. దూరం తగ్గింది. కానీ విశ్వాసం ద్వారా నీతిమంతులవడం గురించి లూథరన్లతో ఉమ్మడి ప్రకటన సిద్ధమైనప్పుడు, 1998లో వాటికన్ ఇచ్చిన అధికారిక స్పందన ఒక సందేహం లేవనెత్తింది: లూథరన్ సంఘాల సైనోడ్లు (ప్రతినిధుల సభలు) ఒప్పుకున్నంత మాత్రాన ఆ ఒప్పుదలకు వాళ్లలో నిజంగా ఎంత అధికారం ఉంటుంది, రేపు కూడా ఉంటుందా? 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బుర్గ్‌లో సంతకాలైతే జరిగాయి, ఆ సందేహం మాత్రం రెండు పక్షాల మధ్య అలాగే ఉంది.