పాత డాట్సన్ జెడ్: అపోహలు, గ్యారేజీలో తేలిన వాస్తవాలు

పాత డాట్సన్ జెడ్ కొంటున్నానని నాతో చెప్పేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది మొదట అడిగేది ఇంజిన్ గురించే. ఎంత హార్స్‌పవర్ తీయొచ్చు, ఏ కార్బ్యురేటర్లు వేయాలి, టర్బో పెడితే తట్టుకుంటుందా అని. పదోవాడు ఏ రంగు వేయించాలని అడుగుతాడు. బ్యాటరీ కింద రేకు ఇంకా మిగిలి ఉందా అని అడిగినవాడు మాత్రం నాకు ఇంతవరకూ తగల్లేదు.

ఇది నా వృత్తి కాదు. పన్నెండేళ్ల నుంచి శని, ఆదివారాలు వీటి కింద దూరి పడుకుంటున్నాను, అంతే. ఒక 1972 240జెడ్ పూర్తి చేసి నడుపుతున్నాను, ఒక 1976 280జెడ్ ఇంకా స్టాండ్ల మీదే ఉంది. ఈ రెండిటి మీద నేను తగలేసిన డబ్బులో సగం తప్పుడు మాటలు నమ్మడం వల్ల పోయిందే.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. 1969లో జపాన్‌లో నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో వచ్చిన ఎస్30 అనే స్పోర్ట్స్ కారు బాడీయే అమెరికాలో డాట్సన్ 240జెడ్ అయింది. ఆరు సిలిండర్ల ఎల్24 ఇంజిన్, 2393 సీసీ, అప్పటి లెక్కల్లో 151 హార్స్‌పవర్, ధర 3,526 డాలర్లు. తర్వాత 1974లో 260జెడ్, 1975 నుంచి 1978 దాకా ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో 280జెడ్. బాడీ దాదాపు అదే, కానీ లోపల తేడాలు చాలా ఉన్నాయి.

అపోహ: ఇంజిన్ కండిషన్‌లో ఉంటే చాలు, తుప్పు సంగతి తర్వాత చూసుకోవచ్చు

ఇది సరిగ్గా తలకిందుల మాట. ఎల్ సిరీస్ ఇంజిన్ మొండిది. కాస్ట్ ఐరన్ బ్లాకు, అల్యూమినియం హెడ్, కామ్‌షాఫ్ట్‌ని తిప్పేది బెల్టు కాదు చైను. 1971లో, మళ్లీ 1973లో ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచింది 240జెడ్డే, ఆ రాళ్లలో, ఆ బురదలో. ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న ఇంజిన్లు కూడా సిలిండర్లలో కాస్త నూనె పోసి, చేత్తో తిప్పి, ఓపిక పడితే స్టార్ట్ అయిన సందర్భాలు నేనే చూశాను. ఒకవేళ పోయిందే అనుకోండి, ఇంకో ఇంజిన్ దొరుకుతుంది. 280జెడ్‌లో వచ్చిన పెద్ద ఎల్28 ఇంజిన్ కూడా అవే మౌంటుల మీద కూర్చుంటుంది.

బాడీ అలా కాదు. దీనికి విడిగా చాసిస్ ఉండదు, పల్చటి రేకులు మడిచి, స్పాట్ వెల్డింగ్ చేసి కట్టిన పెట్టెలే దాని ఎముకలు. ఆ పెట్టెల లోపలికి ఫ్యాక్టరీలో పెయింట్ సరిగా చేరలేదు. వైపర్ల దగ్గర జాలీలోంచి దిగిన నీరు బయటికి పోయే దారిలో ఆకులు అడ్డం పడితే అక్కడే నిలిచి, కింద ఉన్న రేకును నెమ్మదిగా తినేస్తుంది. బ్యాటరీలోంచి చిందిన యాసిడ్ ట్రేని తిని, దాని కింద ముందు రైలు, అంటే బరువు మోసే పొడవాటి రేకు పెట్టె, మీదికి దిగుతుంది. ఫ్లోర్ మీద ఫ్యాక్టరీ వాళ్లు అంటించిన తారు షీట్ల కింద తడి చేరితే పైనుంచి చూసేవాడికి ఏమీ తెలియదు, స్క్రూడ్రైవర్ పిడితో కొడితే మాత్రం టంగ్ అనాల్సింది దబ్ అంటుంది. వెనక చక్రానికి ముందు, తలుపు వెనక ఉండే మూల, తలుపుల కింది రాకర్లు, స్పేర్ టైర్ గుంత, కారు కింద పొడవునా పోయే ఫ్లోర్ రైళ్లు... ఇవన్నీ చూడకుండా బేరం మాట్లాడొద్దు.

నా 240జెడ్ కొన్నప్పుడు మెరిసిపోయే ఎర్ర పెయింట్ చూసి పడిపోయాను. ఇంటికి తెచ్చాక అయస్కాంతం పెడితే వెనక మూలల్లో అంటలేదు. గీకితే వేలు మందం లప్పం, దాని వెనక అల్యూమినియం జాలీ, జాలీ వెనక గాలి. ఆ మూలలూ రాకర్లూ మార్చే ఉత్సాహంలో నేను చేసిన తప్పు ఇంకా పెద్దది. లోపల అడ్డుకడ్డీలు వెల్డ్ చేయకుండానే ఒక వైపు రాకర్ మొత్తం కోసేశాను. కొత్తది అతికించి తలుపు బిగిస్తే పైన సందు ఒకలా, కింద ఇంకోలా వచ్చింది. అన్నీ మళ్లీ విప్పి, మళ్లీ కోసి, మొదటినుంచి. తలుపు ఉండాల్సిన చోట ఉండగానే, తలుపు ముందు స్తంభం ఎ పిల్లర్ నుంచి వెనక స్తంభం బి పిల్లర్‌కి కడ్డీలు బిగించి, సందులు కొలిచి రాసుకుని, అప్పుడు కోయాలి. ఒక్కసారే ఒక్క వైపు. వెల్డింగ్ కూడా ఒకే గీతలా లాగితే రేకు వంకరపోతుంది, చుక్కలు చుక్కలుగా పెట్టుకుంటూ, చల్లారనిస్తూ పోవాలి. విసుగు పుట్టించే పని, కానీ కారు నిలబడేది దీని మీదే.

అపోహ: దీన్ని గీసింది ఒక జర్మన్ డిజైనర్, జెడ్‌కి ముందు వచ్చిన ఫెయిర్‌లేడీ అయితే బ్రిటిష్ కారు ఎంజీబీకి కాపీ

ఆల్బ్రెక్ట్ గోర్ట్స్ బీఎండబ్ల్యూ 507 గీసినవాడు, 1960లలో నిస్సాన్‌కి సలహాదారుగా పనిచేశాడు, అది నిజం. జెడ్ బాడీ మాత్రం యోషిహికో మత్సువో నడిపిన డిజైన్ బృందం పని. ఇక కాపీ మాట. ఫెయిర్‌లేడీ 1500 టోక్యో మోటార్ షోలో కనిపించింది 1961లో, ఎంజీబీ వచ్చింది 1962లో. ఇంకా వాదించేవాళ్లు ఉంటే క్యాలెండర్‌తో వాదించుకోవాలి. అమెరికాలో డాట్సన్ వ్యాపారం చూసిన యుటాకా కటయామా ఫెయిర్‌లేడీ అనే పేరు అక్కడ నడవదని పట్టుబట్టడం వల్లే మనం దీన్ని 240జెడ్ అని పిలుస్తున్నాం.

అపోహ: ఎస్‌యూ కార్బ్యురేటర్లు దండగ, తీసి పారేసి మూడు వెబర్లు వేయాల్సిందే

ఈ మాట ఎక్కువగా చెప్పేది వెబర్లు, అంటే ఒక్కోటికి రెండు గొట్టాలుండే ఇటాలియన్ కార్బ్యురేటర్లు, అమ్ముకునేవాళ్లూ, తమ వెబర్లు ఇంకా ట్యూన్ కానివాళ్లూ.

240జెడ్‌కి వచ్చినవి హిటాచీ తయారుచేసిన ఎస్‌యూ రకం కార్బ్యురేటర్లు, రెండు. 1972 దాకా వచ్చిన గుండ్రటి తలవి చాలా మంచివి. 1973 240జెడ్‌కీ 260జెడ్‌కీ పొగ నిబంధనల కోసం పెట్టిన చదును తలవి మాత్రం నిజంగానే తలనొప్పి. వేడెక్కితే పెట్రోలు ఆవిరై బండి ట్రాఫిక్‌లో గుటకలు మింగుతుంది. చాలామంది వాటిని తీసి పాత గుండ్రటివి వేసుకుంటారు, నేనైనా అదే చేస్తాను. ఈ రెండు రకాల మధ్య తేడా తెలియకుండా ‘ఎస్‌యూలన్నీ చెత్త’ అనే పేరు పుట్టింది.

గుండ్రటివి కూడా సరిగా నడవడం లేదంటే తొంభై శాతం తప్పు వాటిది కాదు. ముందు టాపెట్లు, అంటే వాల్వుల సందులు, సెట్ చేయండి, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.30. తర్వాత ఇగ్నిషన్ పాయింట్లు, టైమింగ్. థ్రాటిల్ షాఫ్ట్ అరిగి పక్కనుంచి గాలి లాగుతోందేమో స్ప్రే కొట్టి చూడండి. కార్బ్యురేటర్ తలల్లోని డ్యాంపర్లలో నూనె ఉందా చూడండి, నేను చూసిన సగం కార్లలో అది ఎండిపోయి ఉంటుంది, ఎక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడేది అందుకే. మిక్చర్ నట్లు పూర్తిగా పైకి బిగించి రెండున్నర చుట్లు కిందికి తిప్పితే మొదలుపెట్టడానికి సరిపోతుంది. అప్పుడు రెండు కార్బ్యురేటర్లూ ఒకే గాలి పీలుస్తున్నాయా అని మీటర్‌తో కొలవాలి. ఇవన్నీ చేశాక మామూలు ఎల్24 ఎంత మెత్తగా తిరుగుతుందంటే, దానికి మూడు వెబర్లు ఎందుకో మీకే అర్థం కాదు.

వెబర్లు చెడ్డవని అనను. కామ్‌షాఫ్ట్ మార్చి, కంప్రెషన్ పెంచి, హెడ్‌లో పోర్టులు సాపు చేసినవాడికి అవి కావాలి. అప్పుడు ఆరు గొట్టాలు, ఆరింటికీ జెట్లు, వాటి లింకేజీ, తగ్గించిన పెట్రోలు ప్రెషర్, అన్నీ సరిపెట్టుకోవాలి. మామూలు ఇంజిన్ మీద బిగిస్తే వచ్చేది ఎక్కువగా శబ్దమే. ఆ శబ్దం బాగుంటుంది, ఒప్పుకుంటాను.

280జెడ్ ఇంజెక్షన్ పీకేసి కార్బ్యురేటర్ వేస్తే గొడవ వదులుతుందా?

వదలదు. బాష్ ఎల్-జెట్రానిక్ చాలా సూటి వ్యవస్థ. గాలి ఎంత వెళ్తోందో ఒక రెక్క కొలుస్తుంది, దాన్నిబట్టి కంప్యూటర్ ఇంజెక్టర్లను ఎంతసేపు తెరవాలో నిర్ణయిస్తుంది. అందరూ మొదట ఆ కంప్యూటర్నే అనుమానిస్తారు, నా అనుభవంలో చెడేది ఎక్కువగా కనెక్టర్లు. పచ్చగా చిలుము పట్టిన ఒక్క టెంపరేచర్ సెన్సర్ ప్లగ్గు చాలు, రెసిస్టెన్స్ పెరిగి ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని కంప్యూటర్ అనుకుని పెట్రోలు దంచి పోస్తుంది. ఇంకో సులువైన పరీక్ష ఉంది, బండి ఐడిల్‌లో ఉండగా ఇంజిన్ ఆయిల్ మూత తీయండి. ఇంజిన్ తడబడాలి, ఆగిపోయినా మంచిదే. ఏ మార్పూ లేదంటే ఇంకెక్కడో ముందే గాలి లీకవుతోందని అర్థం. నా 280జెడ్‌కి నేను పెద్ద భాగాలేవీ కొనకుండా, ప్లగ్గులన్నీ శుభ్రం చేసి, చిట్లిన రబ్బరు గొట్టాలు మార్చాను, ఇంజిన్ గొడవ అక్కడితో తీరింది.

అపోహ: గేర్ వేసి కదిలినప్పుడు వెనక ‘ధన్’ అంటే డిఫరెన్షియల్ పోయినట్టే

ఈ భయంతో డిఫరెన్షియల్, అంటే వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె, మార్చేసినవాళ్లు నాకు తెలుసు, శబ్దం మాత్రం వాళ్లతోనే ఉంది. ముందు డిఫరెన్షియల్ ముక్కును పట్టుకునే రబ్బరు మౌంటు చూడండి. ఏళ్లు గడిచాక రబ్బరు ఇనుము నుంచి ఊడొస్తుంది, క్లచ్ వదలగానే ముక్కు పైకి లేచి కొట్టుకుంటుంది. జాకీతో కాస్త ఎత్తితే చాలు, ఊడిందో లేదో కంటికే కనిపిస్తుంది. తర్వాత వెనక చక్రాలని తిప్పే హాఫ్ షాఫ్టుల యూ-జాయింట్లు. ఈ రెండూ బాగున్నాకే లోపలి సంగతి ఆలోచించండి.

అపోహ: కిందికి దించి, అన్ని బుష్‌లూ పాలీయురిథేన్ వేస్తే రేసు కారవుతుంది

స్ప్రింగులు కోసి దించిన జెడ్ ఫోటోలో బాగుంటుంది. రోడ్డు మీద స్ట్రట్‌కి (స్ప్రింగూ షాకూ కలిసి ఉండే గొట్టానికి) ప్రయాణం మిగలదు, గుంత వస్తే అడుగుకి తగులుతుంది. కింది ఆర్మ్‌లు పైకి చూడటం మొదలుపెట్టాక చక్రం ఎగిరినప్పుడల్లా స్టీరింగ్ తనంతట తాను పక్కకి లాగుతుంది. సరిగా దించాలంటే స్ట్రట్ గొట్టం పొట్టిచేసి దానికి తగిన షాక్ వేయాలి, స్టీరింగ్ ఆర్మ్ పైన స్పేసర్ పెట్టాలి. పాలీ బుష్‌ల (రబ్బరుకి బదులు వేసే గట్టి ప్లాస్టిక్ బుష్‌ల) విషయంలో ఒక్క చోట మాత్రం చాలా జాగ్రత్త. ముందు చక్రం ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టుకునే టెన్షన్ రాడ్‌కి రెండు వైపులా గట్టి పాలీ వేస్తే రాడ్ ఊగడానికి వీలుండదు, వంగి వంగి చివరికి విరుగుతుంది. ఒక వైపు పాలీ, ఇంకో వైపు రబ్బరు వేసుకోవడం పాతకాపులు చెప్పే మాట, నేను పాటిస్తున్నాను.

పెద్ద బ్రేకుల గోల కూడా ఇలాంటిదే. టొయోటా ట్రక్కు నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు బిగించుకోవడం మామూలైపోయింది, మంచి మార్పే. కానీ కారు ఎంత దూరంలో ఆగుతుందో తేల్చేది చివరికి టైరు పట్టు. నలభై ఏళ్ల నాటి రబ్బరు బ్రేకు గొట్టాలు అలాగే ఉంచి ముందు పెద్ద క్యాలిపర్లు పెట్టినవాణ్ణి చూస్తే నాకు నిజంగా టెన్షన్.

వైరింగ్ గురించి కొంచెమే చెబుతాను. జపాన్ కార్లకి కరెంటు సమస్యలు ఉండవని అంటారు. 240జెడ్‌లో హెడ్‌లైట్ల కరెంటు మొత్తం స్విచ్‌లోంచే వెళ్తుంది, ఫ్యూజు పెట్టె వేడెక్కి ప్లాస్టిక్ కరిగిన కార్లు ఎన్నో. హెడ్‌లైట్లకి విడిగా రిలేలు పెట్టండి, మొదటి వారంలోనే చేయాల్సిన పని అది. 280జెడ్ తర్వాతి మోడల్ 280జెడ్‌ఎక్స్ ఆల్టర్నేటర్ పెట్టుకుంటే దారిలో ఒక డయోడ్ కూడా వేయాలి, లేకపోతే తాళం తీసినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. మొదటిసారి అలా జరిగినప్పుడు తాళం చేతిలో పట్టుకుని ఇంజిన్‌ని చూస్తూ నిలబడ్డాను.

అపోహ: హెడ్ విప్పడం ఒక మధ్యాహ్నం పని

బోల్టులు విప్పడం వరకు మధ్యాహ్నం పనే. కానీ కామ్ స్ప్రాకెట్ తీసే ముందు చైను రెండు వైపుల మధ్య ఒక చెక్క ముక్క దిగ్గొట్టాలి. లేకపోతే చైను వదులై టెన్షనర్ పిస్టన్ బయటికి దూకుతుంది, దాన్ని మళ్లీ లోపల పెట్టాలంటే ఇంజిన్ ముందు కవర్ మొత్తం విప్పాలి. నాకు ఈ సంగతి తెలిసింది అది దూకాక. గ్యాస్కెట్ మార్చడానికి మొదలుపెట్టిన పని మూడు వారాలు పట్టింది. ఇప్పుడు ఆ చెక్క ముక్క నా టూల్ బాక్స్‌లో స్పానర్లకన్నా పైన ఉంటుంది.

అపోహ: మార్పులు చేస్తే విలువ పోతుంది, ఒరిజినల్‌గా ఉంచితే కోట్లు వస్తాయి

2020 జనవరిలో ఒక 1971 240జెడ్ ఆన్‌లైన్ వేలంలో 3,10,000 డాలర్లకి అమ్ముడుపోయింది. అప్పటినుంచి ప్రతి షెడ్డులో పడున్న జెడ్ యజమానికీ తన కారు బంగారమే అనిపిస్తోంది. ఆ కారు తక్కువ మైళ్లు తిరిగిన, దాదాపు తాకని కారు. మీదీ నాదీ అది కాదు. ఇంజిన్ నంబరు కారు గుర్తింపు ప్లేటు మీది నంబరుతో సరిపోయి, తుప్పు లేకుండా, మొదటి తరం గుర్తులన్నీ ఉన్న కారు దొరికితే దయచేసి రంపం పెట్టకండి. ఇప్పటికే నాలుగు చేతులు మారి, ఫ్లోర్ మార్చి, వేరే ఇంజిన్ ఉన్న కారైతే మీకు నచ్చినట్టు చేసుకోండి, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. నేను పాటించేది ఒక్కటే, తీసిన ప్రతి భాగాన్నీ పేరు రాసి సంచిలో పెట్టి దాచడం. కోసి చేసే మార్పుకన్నా బోల్టులతో వెనక్కి తేగలిగే మార్పుకే నా ఓటు. బాగు చేసి లాభం తీద్దామనుకునేవాళ్లకి ఒక మాట, 1990ల చివర్లో నిస్సాన్ కంపెనీయే పాత 240జెడ్‌లు కొని, బాగుచేసి అమ్మే కార్యక్రమం మొదలుపెట్టి, అనుకున్నన్ని కార్లు చేయకుండానే ఆపేసింది.

ఇక నా 280జెడ్ స్టాండ్ల మీద ఎందుకుందని అడిగేవాళ్లకి: వెనక కింది ఆర్మ్‌ని పట్టుకునే స్పిండిల్ పిన్ ఎడమ వైపు రావడం లేదు. నూనె పోశాను, వేడి చేశాను, పుల్లర్ బిగించాను, సుత్తితో కొట్టి ఒక వైపు మరలు కూడా పాడుచేసుకున్నాను. కుడివైపుది ఇరవై నిమిషాల్లో వచ్చేసింది.