వైఫై మిక్స్‌డ్ మోడ్ గొడవకు మూలం 2003లో ఉంది

వైఫైని కాపాడే భద్రతా పద్ధతుల్లో డబ్ల్యూపీఏ2 పాతది, డబ్ల్యూపీఏ3 కొత్తది. రౌటర్‌లో రెండింటినీ అనుమతించే మిక్స్‌డ్ మోడ్ చాలా, డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. వైఫై తొలి భద్రతా పద్ధతి వెప్ 2001లో కూలిపోయింది. ఆ తర్వాత జరిగిన సర్దుబాటునే చూడాలి.

అప్పటికే అమ్ముడైన వైఫై కార్డులు చాలావాటికి ఏఈఎస్ అనే బలమైన గూఢలిపి నడిపే శక్తి లేదు. వాటిని పారేయమనలేక వైఫై కంపెనీల కూటమి వైఫై అలయన్స్ 2003లో డబ్ల్యూపీఏ తెచ్చింది. అందులోని రక్షణ పద్ధతి టీకిప్, వెప్ వాడిన ఆర్‌సీ4 గూఢలిపినే ఉంచుకుని ప్యాకెట్‌కో (డేటా ముక్కకో) తాళం మార్చింది. ప్యాకెట్‌ను దారిలో ఎవరైనా మార్చారేమో చూసే మైఖేల్ పరీక్షను పాత ప్రాసెసర్లు మోయగలిగేంత తేలికగా చేశారు. అది బలహీనమని తెలిసే, 60 సెకన్లలో ఆ పరీక్ష రెండుసార్లు విఫలమైతే నెట్‌వర్క్ 60 సెకన్లు ఆగాలని నియమం పెట్టారు. 2008లో పరిశోధకులు బెక్, ట్యూస్ నిమిషానికి ఒక్క తప్పే చేయిస్తూ, 12–15 నిమిషాల్లో చిన్న ప్యాకెట్‌ను విప్పి చూపారు.

2004లో ఏఈఎస్ వాడే డబ్ల్యూపీఏ2 వచ్చాక కూడా రౌటర్లలో 'టీకిప్+ఏఈఎస్' మిగిలింది. ఆ అమరికలో బ్రాడ్‌కాస్ట్ ట్రాఫిక్ (అన్ని పరికరాలకూ ఒకేసారి పంపే డేటా) అందరికీ టీకిప్‌లోనే వెళ్తుంది. ఒక్క పాత ల్యాప్‌టాప్ కోసం ఇంటిల్లిపాదీ మూల్యం చెల్లించారు.

ఇప్పటి మిక్స్‌డ్ మోడ్ ఆ బాటలోదే. డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాత ప్రింటర్లు, స్మార్ట్ ప్లగ్‌లు ఆగిపోతాయన్నది తయారీదారుల మాట, అది నిజమే. కానీ 2019 ఏప్రిల్‌లో పరిశోధకులు వాన్‌హూఫ్, రోనెన్ బయటపెట్టింది ఇంకా బరువైనది. దాడిచేసేవాడు మీ నెట్‌వర్క్ పేరుతోనే డబ్ల్యూపీఏ2 మాత్రమే ఉన్న నకిలీ యాక్సెస్ పాయింట్ పెడతాడు. ఫోన్ ఆ మోసాన్ని హ్యాండ్‌షేక్ (కలిసే ముందు ఫోన్, రౌటర్ ఒకదాన్నొకటి సరిచూసుకునే సందేశాలు) మూడో సందేశంలో గాని పసిగట్టలేదు. అప్పటికే రెండోది పంపేసి ఉంటుంది. పాస్‌వర్డ్‌ను తీరిగ్గా ఊహించి సరిచూసుకోవడానికి అది చాలు. డబ్ల్యూపీఏ3 తెచ్చిందే ఆ ఊహను ఆపడానికి!

పాత పరికరాలకు వేరే పేరుతో, వేరే పాస్‌వర్డ్‌తో డబ్ల్యూపీఏ2 నెట్‌వర్క్ పెట్టి, గెస్ట్ ఐసోలేషన్ (ఆ పరికరాలను మిగతావాటి నుంచి వేరుచేసే అమరిక) ఆన్ చేయాలి. రెండింటికీ ఒకే పాస్‌వర్డ్ పెడితే పడ్డ శ్రమంతా వృథా. ఆ రెండోదానికి ఊహించి పట్టుకునే దాడి తప్పదు కనుక, దాని పాస్‌వర్డ్‌లో పదాలు కాని 16 అక్షరాలైనా ఉండాలి. ప్రధాన నెట్‌వర్క్‌ను డబ్ల్యూపీఏ3కి మార్చాక ఫోన్లలో 'ఫర్గెట్' నొక్కి మళ్లీ కలపాలి. లేదంటే పాత ప్రొఫైల్ డబ్ల్యూపీఏ2కి ఇంకా ఒప్పుకోవచ్చు.

వైఫైకి కొత్తగా తెరిచిన 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పాత పరికరాలే లేవు. అక్కడ డబ్ల్యూపీఏ2కూ, మిక్స్‌డ్ మోడ్‌కూ చోటివ్వలేదు.