నిన్న లేని పిట్ట

బుజ్జీ, నీతోపాటు ఈ ఉత్తరం చదివే పిల్లలందరూ,

మొన్న ఫోన్లో నువ్వు అడిగింది నా చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. "తాతయ్యా, నిన్నటిదాకా మా వీధిలో లేని పిట్ట ఇవాళ కాలవ గట్టు మీద తోక ఊపుకుంటూ తిరుగుతోంది, ఎక్కడి నుంచి వచ్చింది, దానికి దారి ఎవరు చెప్పారు?" అన్నావు. వీపు బూడిద రంగు, పొట్ట పసుపు, తోక బాగా పొడుగు అన్నావు కాబట్టి అది గ్రే వాగ్‌టెయిల్. ఎండాకాలమంతా ఎత్తు కొండల్లోనో, ఉత్తరాన చలి ప్రాంతాల్లోనో పిల్లల్ని పెంచి, శరదృతువు రాగానే కిందికి వచ్చేస్తుంది. చలికి భయపడి అనుకుంటాం గానీ అసలు కష్టం తిండిది, చలి ముదిరితే అక్కడ పురుగులు దొరకవు.

అంత దూరం ఎలా వస్తుందంటే, సద్దిమూటతో. మేం చిన్నప్పుడు నడిచి పొరుగూరు వెళ్ళాలంటే మా అమ్మ మూట కట్టేది. ఎక్కువ కడితే భుజం లాగుతుంది, తక్కువ కడితే సగం దారిలో ఆకలి, అందుకే చేత్తో బరువు చూసి ముడి వేసేది. పిట్ట ఆ మూటను ఒంట్లోనే కట్టుకుంటుంది, కొవ్వుగా. బయల్దేరే ముందు తిని తిని బరువు దాదాపు రెట్టింపయ్యే చిన్న పిట్టలూ ఉన్నాయి. గాడ్విట్ అనే పిట్టయితే మూటకు చోటు చాలదని కడుపులోని పేగుల్నే కుదించుకుంటుంది! 2022 అక్టోబరులో అయిదు నెలల గాడ్విట్ ఒకటి అమెరికాలో ఉత్తరాన ఉన్న అలాస్కా నుంచి ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవికి 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, ఎక్కడా వాలకుండా ఎగిరింది. దాని ఒంటికి అమర్చిన చిన్న పరికరం వల్ల ఆ సంగతి తెలిసింది. అయిదు నెలలంటే నువ్వు ఇంకా బోర్లా పడుతున్న వయసు. వాటిలో పెద్దవి మామూలుగా ముందే వెళ్ళిపోతాయి, పిల్లలు వెనక వస్తాయి.

మరి దారి? సూర్యుడు, నక్షత్రాలు, భూమికున్న అయస్కాంత శక్తి, ఇవన్నీ పిట్టలకు పనికొస్తాయి. కానీ ఇది రాస్తూ రాస్తూ నేనే కలం ఆపి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను, గుప్పెడంత ఒంట్లో ఇదంతా ఎలా పట్టిందా అని.

నీ వయసులో నేనూ ఇలాంటి పిట్ట వెంటే పడ్డాను. మచ్చిక చేసుకుందామని రోజూ గింజలు చల్లేవాణ్ణి. అది వాటివైపు చూసేదే కాదు. బాగా ఏడుపొచ్చింది. చివరికి గింజలు మానేసి దూరంగా గొంతుక్కూర్చుని చూస్తే అప్పుడు తెలిసింది, అది తడి నేల మీద ఈగల వెంట పరిగెడుతోంది, దాని తిండే అది. నేను కదలకుండా కూర్చున్నాక నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. ఎండలు ముదిరే రోజుల్లో ఒక పొద్దున లేదు. ఊళ్ళో ఎవరికీ పట్టలేదు, నాకు మాత్రం గట్టు ఖాళీ అయినట్టుంది.

అందుకే బుజ్జీ, దాని వెంట పరిగెత్తకు, రాయి వేసేవాళ్ళుంటే ఆపు. కాలవ పక్కన రాలిన ఆకుల్ని మీ నాన్న ఊడ్చి తగలబెడతానంటే కొంచెం వదిలేయమని చెప్పు, ఆ ఆకుల కిందే పురుగులుంటాయి, ఆ పిట్ట మూట మళ్ళీ నిండాలి కదా.

రేపటి నుంచి రోజూ ఒకే వేళకి, అదే దారిలో నడువు. మంచు పడిన పొద్దున కంచెల మీద సాలెగూళ్ళు మెరుస్తుంటాయి, అక్కడ కాసేపు ఆగు, చాలా సాలీళ్ళు పాత గూడు తినేసి రోజూ కొత్తది అల్లుతాయి. తర్వాత గట్టు దగ్గర కూర్చుని ఆ పిట్ట నిమిషానికి ఎన్నిసార్లు తోక ఊపుతుందో లెక్కపెట్టి నాకు రాయి. ఫోన్లో చెప్పకు, ఉత్తరమే రాయి.

మీ తాతయ్య