తెరపై వోల్టులు, లోపల వత్తి: రీబిల్డబుల్ ఆటమైజర్, వోల్టేజీ మార్చే పరికరం జతకట్టిన నేపథ్యం

రెండు ఈ-సిగరెట్టు పరికరాల తెరల మీదా 4.5 వోల్టులే కనిపిస్తాయి. ఒకదాంట్లో ఆవిరి సాఫీగా వస్తుంది. రెండోదాంట్లో మొదటి పీల్పుకే మాడు వాసన గొంతులో దిగుతుంది. తేడా వోల్టుల్లో లేదు. ఆ వోల్టులు ఎంత నిరోధం మీద పడుతున్నాయి, ఆ తీగకు వత్తి ఎంత త్వరగా ద్రవం అందిస్తోంది అన్న దాంట్లో ఉంది. వేపింగ్ (ఈ-సిగరెట్టు ఆవిరి పీల్చడం) మీద నడిచిన పెద్ద వాదనలు కొన్ని ఈ చిన్న లెక్కను పక్కన పెట్టడం వల్లే పుట్టాయి. అందుకే తీగ, వత్తి మనమే వేసుకునే రీబిల్డబుల్ ఆటమైజర్ (ద్రవాన్ని ఆవిరి చేసే భాగం), వోల్టేజీ మార్చే బ్యాటరీ పరికరం అనే ఈ జత ఎలా కుదిరిందో మొదటి నుంచి చూడాలి.

పొగాకు కాల్చకుండా ఆవిరి పీల్చే పరికరానికి అమెరికాలోని పెన్సిల్వేనియాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు, 1965లో వచ్చింది. అది బజారు దాకా రాలేదు. ఇప్పుడు మనం చూస్తున్న ఈ-సిగరెట్టుకు మూలం చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ 2003లో రూపొందించిన పరికరం. తొలి నమూనాలో ద్రవాన్ని తుంపర చేసింది అల్ట్రాసానిక్ కంపనం. వేడి తీగ పద్ధతి ఆ తర్వాత స్థిరపడింది. సిగరెట్టు ఆకారంలో ఇమడాలి కాబట్టి బ్యాటరీ సన్నగా ఉండేది. ఒకే లిథియం సెల్, నామమాత్రపు వోల్టేజీ 3.7. ఛార్జింగ్ నిండుగా ఉన్నప్పుడు 4.2, అడుగంటేసరికి 3.3 దగ్గరకు దిగుతుంది. పొద్దున బాగున్న ఆవిరి సాయంత్రానికి పలచబడటానికి కారణం అదే. కాయిల్ (వేడెక్కే తీగచుట్ట) మారలేదు, దాని మీద పడే వోల్టేజీ తగ్గింది.

దీనికి వాడకందారులు కనుక్కున్న మొదటి విరుగుడు మొరటుది. గొట్టంలో రెండు సెల్స్ ఒకదాని మీద ఒకటి పేర్చారు. 3 వోల్టుల చిన్న సెల్స్ రెండైతే 6 వోల్టులు వస్తాయి. ఆ వోల్టేజీకి 3.5 ఓమ్‌ల కాయిల్ వేస్తే సుమారు 10 వాట్లు, అంటే 3.7 వోల్టుల మీద అదే కాయిల్ ఇచ్చే 4 వాట్ల కంటే రెండున్నర రెట్లు. మరికొందరు 3.7 వోల్టుల సెల్స్ రెండు పెట్టి, మధ్యలో 5 వోల్టుల రెగ్యులేటర్ చిప్ అతికించి డబ్బాలు తయారు చేశారు. 7.4లో 5 పోను మిగిలిన 2.4 వోల్టులు ఆ చిప్‌లో వేడిగా వృథా అయ్యేవి. 2 ఆంపియర్ల మీద అది దాదాపు 5 వాట్లు, చేతిలో డబ్బా కాలేది. అంతకన్నా పెద్ద ముప్పు సెల్స్ పేర్చడంలోనే ఉంది. రెండింటి ఛార్జింగ్ సమానంగా లేకపోతే, బలహీనమైనది ముందే ఖాళీ అయిపోతుంది. రెండోది దానిలోంచి కరెంటును తోస్తూనే ఉంటుంది, దాంతో ఖాళీ సెల్ ధ్రువాలు తిరగబడి వేడెక్కి పేలవచ్చు. గాలి పోయే రంధ్రం లేని లోహపు గొట్టం ఆ స్థితిలో బాంబుతో సమానం.

ఒకే సెల్‌తో, చిప్ ద్వారా వోల్టేజీని పైకీ కిందకీ మార్చే పరికరాలు 2010, 2011 ప్రాంతంలో వచ్చాయి. ప్రోవేప్ సంస్థ తెచ్చిన ప్రోవారి 2.9 నుంచి 6 వోల్టుల దాకా 0.1 చొప్పున మారేది, కాయిల్ నిరోధాన్ని కూడా కొలిచి చూపేది. తర్వాత ఈగో ట్విస్ట్ తరహా సన్నటి బ్యాటరీలు అడుగున తిప్పే మీటతో 3.2 నుంచి 4.8 వోల్టుల దాకా ఇచ్చాయి. సెల్ దిగిపోతున్నా బయటికి వచ్చే వోల్టేజీ నిలకడగా ఉండటం వీటి అసలు మేలు.

అయితే తెర మీది అంకె అన్ని పరికరాల్లోనూ ఒకే అర్థం చెప్పలేదు. చవక చిప్‌లు నిజంగా 3.7 వోల్టులు ఇవ్వవు. 6 వోల్టుల దెబ్బలు కొడుతూ మధ్యమధ్య ఆపి, సగటు 3.7 వచ్చేలా చూస్తాయి. తీగ వేడెక్కేది సగటు వోల్టేజీతో కాదు, వర్గ మధ్యమ మూలంతో (ఆర్ఎంఎస్: వోల్టేజీ వర్గాల సగటుకు వర్గమూలం). 6 వోల్టుల దెబ్బల సగటు 3.7 అయినప్పుడు ఆ మూలం 4.7 అవుతుంది. 1.8 ఓమ్‌ల కాయిల్ మీద మీరు 7.6 వాట్లు అనుకుంటారు, పడేది 12 వాట్లకు పైనే. ‘ఈ పరికరం వేడిగా కొడుతుంది’ అని అప్పట్లో వినిపించిన ఫిర్యాదుల వెనుక లెక్క ఇది. ఆ దెబ్బలు సెకనుకు ముప్పై చిల్లర మాత్రమే ఉంటే కాయిల్ నుంచి గరగర శబ్దం కూడా వినిపిస్తుంది.

ఇదే కాలంలో రెండో పాయ ఇంకో దిక్కు నుంచి ప్రవహించింది. కంపెనీ కాయిల్ తల మాడితే పారేయాలి, ఏ నిరోధం దొరికితే అదే వాడాలి. అలా కాకుండా తీగను మనమే చుట్టుకుని, వత్తిని మనమే వేసుకుంటే? స్తంభాల్లాంటి రెండు మొలలు, వాటికి స్క్రూలు, కింద ద్రవానికి చోటు ఉంటే చాలు. జెనిసిస్ తరహా ఆటమైజర్లలో స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీని చుట్టి వత్తిగా నిలబెట్టేవారు. స్వోయెమెస్తో సంస్థ తెచ్చిన కేఫన్‌లో కాయిల్ అడుగున ఉంటుంది, దాని చుట్టూ ద్రవం నిలిచే ట్యాంకు ఉంటుంది. ద్రవం పైకి ఎక్కాల్సిన శ్రమ తప్పింది. తీగ మాత్రం దాదాపు అందరిదీ ఒకటే: స్వీడన్‌కు చెందిన కాంథల్ సంస్థ ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపి తయారు చేసిన మిశ్రమం. పరిశ్రమల కొలిముల కోసం పుట్టిన తీగ ఇది. ఎర్రగా కాలినా దాని నిరోధం దాదాపు మారదు, కాబట్టి చల్లగా కొలిచిన ఓమ్‌లనే నమ్మి వోల్టేజీ పెట్టుకోవచ్చు.

వోల్టేజీ మార్చే పరికరం, చేత్తో చుట్టిన కాయిల్ కలిసినప్పుడు వాడేవాడికి రెండు పగ్గాలు దొరికాయి. సూత్రం హైస్కూల్లో చదివినదే: వోల్టేజీని వోల్టేజీతో గుణించి, ఓమ్‌లతో భాగిస్తే వాట్లు. కాంథల్ ఏ1 తీగ 30 గేజ్‌ది, 0.25 మి.మీ. మందం, మీటరుకు సుమారు 28 ఓమ్‌లు. 2 మి.మీ. డ్రిల్ బిట్ మీద ఒక చుట్టుకు 7 మి.మీ. తీగ పడుతుంది. 8 చుట్లు, స్క్రూల దాకా రెండు కాళ్లకు మరో 8 మి.మీ. కలిపితే 65 మి.మీ., సుమారు 1.8 ఓమ్‌లు. వోల్టేజీ మార్చే తొలి పరికరాలకు ఇది సరిగ్గా నప్పే కొలత. 3.3 వోల్టుల మీద 6 వాట్లు, 4.2 మీద దాదాపు 10, 5 మీద 14. అదే పరికరం మీద 28 గేజ్ తీగతో 1.1 ఓమ్‌ల కాయిల్ పెడితే 5 వోల్టులకు 4.5 ఆంపియర్లు అడుగుతుంది. రెండున్నర, మూడున్నర ఆంపియర్ల దగ్గరే ఆగిపోయేలా చేసిన పరికరాలు అప్పుడు తప్పు చూపి మూగబోతాయి. పరికరం పాడైందని తిరిగి పంపేసిన సందర్భాల్లో కొన్ని ఇవే అయ్యుంటాయి.

కాయిల్ బిగించాక నిరోధం కొలవకుండా బటన్ నొక్కకూడదు. మల్టీమీటర్ వాడితే ముందు రెండు కొసలనూ ఒకదానికొకటి ఆనించి చూడాలి. అక్కడ కనిపించే 0.2, 0.3 ఓమ్‌లు తీగలవి, కాయిల్ కొలతలోంచి తీసేయాలి. వత్తి వేయకముందే అతి తక్కువ వోల్టేజీ మీద అర సెకను చొప్పున నొక్కితే కాయిల్ మధ్యలోంచి ఎర్రబడి కొసలకు పాకాలి. ఒక కాలు ముందుగా ఎర్రబడితే ఆ స్క్రూ వదులుగా ఉందని అర్థం. ఒకే చుట్టు మెరిస్తే పక్క చుట్లతో తాకిడి సమంగా లేదు, చల్లారాక పట్టకారుతో సర్దాలి. దూది వత్తిని ఆ తర్వాతే దూర్చాలి. లాగితే కాయిల్ కదలకుండా, కొద్దిపాటి ఒరపుతో జారాలి. బిగుసుకుంటే ద్రవం పారదు. వదులైతే కాయిల్ మునిగి గుడగుడమంటుంది, గాలి రంధ్రంలోంచి కారుతుంది. దూదిని పూర్తిగా తడిపాక 3.3 వోల్టుల దగ్గర మొదలుపెట్టి 0.1 చొప్పున పెంచాలి. రుచి మారిన చోట ఆగి 0.2 తగ్గిస్తే ఆ వత్తి మోయగలిగిన హద్దు అదే. దీపానికి నూనె అందకపోతే వత్తే కాలుతుంది. ఇక్కడా అంతే, కాకపోతే ఇక్కడ కాలినది ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

జాలీ వత్తికి ఇంకో చిక్కు ఉంది. స్టీలు కరెంటును పారనిస్తుంది. టార్చ్ మంట మీద ఎర్రబెట్టి చల్లార్చడం ఐదారుసార్లు చేస్తే పైన ఆక్సైడ్ పొర ఏర్పడి కొంత అడ్డుపడుతుంది. ఆ పొర గీసుకుపోయిన చోట కరెంటు తీగను వదిలేసి జాలీలోంచి అడ్డదారి పడుతుంది, ఒక చుట్టు మండుతుంది, మిగతావి చల్లగా ఉంటాయి. షార్ట్‌ను పసిగట్టే పరికరం మీద ఇది తప్పు సంకేతంతో పోతుంది. చిప్ లేని మెకానికల్ గొట్టం మీద బ్యాటరీయే బలి.

రోజులు గడిచాక వచ్చే తప్పు మరింత మోసకారిది. వేడికీ చలికీ తీగ సాగి ముడుచుకుని స్క్రూ కింద సడలుతుంది, 1.8 ఓమ్‌లు 2.1 అవుతాయి. ఆవిరి తగ్గిందని వోల్టేజీ 5కి పెంచుతారు, 12 వాట్లు. తర్వాత శుభ్రం చేస్తూ స్క్రూ బిగిస్తారు, నిరోధం మళ్లీ 1.8కి వస్తుంది. వోల్టేజీ అక్కడే ఉంది కాబట్టి ఇప్పుడు 14 వాట్లు, మరుసటి పీల్పు మాడు. స్క్రూ ముట్టుకున్న ప్రతిసారీ కొలవాలనేది అందుకే. ఆటమైజర్‌ను బ్యాటరీకి బిగించే, జాయ్ సంస్థ మోడల్ పేరుతో స్థిరపడిన 510 మరల దగ్గరా ఇదే కథ. అతిగా బిగిస్తే మధ్య పిన్ లోపలికి నొక్కుకుపోయి, తర్వాత పెట్టిన ఆటమైజర్‌కు అందదు.

బ్యాటరీ లెక్క వేరుగా చూడాలి. కాయిల్ తీసుకునే ఆంపియర్లూ, సెల్ ఇచ్చే ఆంపియర్లూ ఒకటి కావు. 1.8 ఓమ్‌ల మీద 12 వాట్లంటే కాయిల్‌లో 2.6 ఆంపియర్లు. కానీ చిప్ వంద తీసుకుంటే ఎనభై అయిదు ఇస్తుందనుకుంటే, 3.5 వోల్టులకు దిగిన సెల్ 4 ఆంపియర్లు ఇవ్వాలి. సెల్ ఖాళీ అయ్యేకొద్దీ ఆ భారం పెరుగుతుంది. 2000 మిల్లీఆంపియర్ గంటల పాత రకం 18650 సెల్‌కు (18 మి.మీ. మందం, 65 మి.మీ. పొడవు) ఎడతెగకుండా ఇవ్వగల హద్దు తరచు ఆ 4 ఆంపియర్ల దగ్గరే ఉండేది.

ఓమ్‌లు, వోల్టులు తలలో లెక్కించుకునే పని తప్పించింది అమెరికాలోని ఒహాయోకు చెందిన ఇవాల్వ్ సంస్థ. దాని డార్విన్ పరికరం నిరోధాన్ని తానే కొలిచి, అడిగిన వాట్లకు తగ్గ వోల్టేజీని తానే ఎంచుకునేది. 2014లో వచ్చిన డీఎన్ఏ 40 చిప్ ఇంకో అడుగు వేసి, నికెల్ తీగ వేడెక్కేకొద్దీ పెరిగే నిరోధాన్ని బట్టి ఉష్ణోగ్రతను అంచనా వేసింది. వత్తి ఎండితే కరెంటు తగ్గించేది. నా దృష్టిలో ఈ చరిత్రలో వాడేవాడి ఊపిరికి నేరుగా మేలు చేసిన మార్పు ఇదొక్కటే.

అది వచ్చిన మరుసటి ఏడాదే వోల్టేజీ అంకె పతాక శీర్షికలకెక్కింది. పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లేఖ ప్రచురించారు. 3.3 వోల్టుల మీద క్యాన్సర్ కారకమైన ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేసే పదార్థాలు కనిపించలేదు, 5 వోల్టుల మీద కనిపించాయి. ఆ 5 వోల్టులు ఆ ఆటమైజర్ మోయగలిగినవేనా అన్న ప్రశ్న వెంటనే లేచింది. అదే ఏడాది గ్రీసుకు చెందిన హృద్రోగ నిపుణుడు కాన్‌స్టాంటినోస్ ఫార్సలినోస్ బృందం అడిక్షన్ పత్రికలో జవాబుకు దగ్గరగా వచ్చింది. ఒకే రకం ఆటమైజర్‌ను రెండు విధాలుగా సిద్ధం చేశారు, ఒకదాంట్లో వత్తి రెండోదానికి రెట్టింపు. వత్తి తక్కువున్నది 9, 10 వాట్ల దగ్గర మాడింది, ఆల్డిహైడ్‌లు (ఫార్మాల్డిహైడ్ కోవకు చెందిన హానికర పదార్థాలు) 30 నుంచి 250 రెట్లు పెరిగాయి. వత్తి ఎక్కువున్నది అదే వాట్ల దగ్గర మాడలేదు. మాడని ఆవిరి ప్రమాదరహితమని దీని అర్థం కాదు. నికోటిన్ వ్యసనం వ్యసనమే, వాట్లు పెంచితే పీల్పుకు దిగే నికోటిన్ కూడా పెరుగుతుంది.

చట్టాలు ఈ సూక్ష్మాల కోసం ఆగలేదు. యూరప్‌లో 2016 మే నుంచి ట్యాంకు 2 మిల్లీలీటర్లకు, నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు పరిమితమైంది. అమెరికాలో అదే ఏడాది ఆగస్టు 8 నుంచి ఈ పరికరాలు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిధిలోకి వచ్చాయి. భారత్‌లో 2019 సెప్టెంబరు 18న వచ్చిన ఆర్డినెన్సు డిసెంబరులో చట్టమైంది: తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. నిల్వకు తక్కువ శిక్ష ఉంది, మిగతావాటికి మొదటి తప్పుకు ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. అమెరికా, బ్రిటన్ల నుంచి హైదరాబాద్‌లో దిగే తెలుగువాళ్లు కొందరు ఆటమైజర్ విప్పేసి, విడిభాగాలుగా తెస్తే ఫరవాలేదనుకుంటారు. తయారీ, దిగుమతి, అమ్మకాల నిషేధం పూర్తి పరికరానికే కాక దానిలోని ఏ భాగానికైనా వర్తిస్తుందని చట్టంలోనే రాసి ఉంది.