అర మిల్లీమీటరు సందు, వెయ్యి గుర్రాల బలం

పిస్టన్ చుట్టూ ఉండే పై రింగు పూర్తి వలయం కాదు, ఒకచోట తెగి ఉంటుంది. వెయ్యి హార్స్‌పవర్ టర్బో ఇంజిన్ కట్టే మెకానిక్ ఆ రింగును సిలిండర్‌లోకి దించి, పిస్టన్‌తోనే మెల్లగా నెట్టి సమంగా కూర్చోబెడతాడు. తర్వాత రెండు కొనల మధ్య సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూస్తాడు. సందు చాలకపోతే రింగును బయటికి తీసి, కొనను ఆకురాయితో రెండు మూడుసార్లు రాస్తాడు. మళ్లీ దించుతాడు, మళ్లీ కొలుస్తాడు. 86 మిల్లీమీటర్ల వ్యాసమున్న సిలిండర్‌కు సుమారు అర మిల్లీమీటరు సందు కావాలి. టర్బో లేని ఇంజిన్‌కైతే అంతకన్నా తక్కువ సరిపోతుంది.

ఇలాంటి ఇంజిన్లున్న కార్ల తయారీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. ఆ సందు ఎందుకు పెంచాలో తెలిస్తే మిగతా కారంతా అర్థమవుతుంది. ఇంజిన్ పూర్తి బలంతో తిరిగేటప్పుడు రింగు వేడెక్కి సాగుతుంది. చోటు లేకపోతే కొనలు రెండూ ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. అప్పుడు రింగు సిలిండర్ గోడను గీరేస్తుంది, లేదా పిస్టన్ మీద తాను కూర్చునే గట్టునే విరగ్గొడుతుంది. బలం పెంచడమంటే వేడిని పెంచడం. ఆ వేడికి ముందే చోటు చూపించి పెట్టడంలోనే ఇంజిన్ కట్టేవాడి పనితనమంతా ఉంది.

ఇంజిన్ బలం పెట్రోలులో ఉందనుకుంటాం. పెట్రోలు ఎంత కావాలంటే అంత పోయొచ్చు, కానీ దాన్ని మండించేంత గాలిని లోపలికి పంపడమే కష్టం. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. వెయ్యి హార్స్‌పవర్ ఇవ్వాలంటే ఇంజిన్ నిమిషానికి సుమారు 45 కిలోల గాలి పీల్చాలి. ఒక మోస్తరు గదిలో ఉన్న గాలి మొత్తం ఒక్క నిమిషంలో లోపలికి వెళ్లిపోవాలన్నమాట. మూడు లీటర్ల ఇంజిన్ నిమిషానికి 8,000 చుట్లు తిరిగినా, తనంతట తాను పీల్చుకోగలిగేది 14 కిలోలే. మిగతాది బలవంతంగా కుక్కాలి.

ఆ కుక్కే పనికి శక్తి ఎక్కడి నుంచి తేవాలి? స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే దీనికి జవాబు చెప్పి పేటెంట్ తీసుకున్నాడు. ఇంధనంలోని శక్తిలో దాదాపు మూడో వంతు వేడి పొగగా బయటికి పోతుంది. ఆ పొగ దారిలో ఒక చక్రం పెడితే అది తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఇంకో చక్రం పెడితే అది గాలిని లోపలికి తోస్తుంది. టర్బో అంటే ఇంతే. పొగ తగిలే చక్రం కణకణమంటూ ఎర్రబడే వేడిలో నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంటే, కొన్ని అంగుళాల అవతల రెండో చక్రం బయటి గాలిని పీలుస్తుంటుంది. మధ్యలో ఇరుసును మోసేది పలచని నూనె పొర. 1918లో అమెరికా ఇంజినీరు శాన్‌ఫోర్డ్ మాస్ 14,000 అడుగుల పైక్స్ పీక్ కొండ మీదికి విమాన ఇంజిన్ మోయించి, పలచటి గాలిలో కూడా టర్బో దాని బలాన్ని నిలబెడుతుందని చూపించాడు.

అయితే గాలిని కుక్కితే అది వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూసినవాళ్లందరికీ ఇది తెలుసు. 27 డిగ్రీల గాలిని మూడు రెట్ల ఒత్తిడికి తెస్తే, మంచి టర్బోలో కూడా అది 175 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. వేడి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి కుక్కిన శ్రమలో కొంత వృథా అయిపోతుంది. అందుకే దారిలో ఇంటర్‌కూలర్ పెడతారు. గాలిని చల్లబరిస్తే అదే చోటులో ఎక్కువ పడుతుంది. ఇంకా ముఖ్యంగా, నాకింగ్ భయం తగ్గుతుంది.

ఈ నాకింగ్ దగ్గర కాసేపు ఆగాలి. స్పార్క్ ప్లగ్ వెలగగానే సిలిండర్‌లో పేలుడు జరుగుతుందని చాలామంది అనుకుంటారు. అక్కడ జరిగేది పేలుడు కాదు. గడ్డివాముకు ఒక మూల నిప్పంటుకుంటే ఎలా పాకుతుందో, మంట అలా ప్లగ్ దగ్గర మొదలై గోడల వైపు పాకుతుంది. పాకే కొద్దీ ఎదురుగా ఇంకా అంటుకోని గాలీ పెట్రోలూ నలిగి వేడెక్కుతాయి. ఆ వేడి హద్దు దాటితే, మంట వచ్చేదాకా ఆగకుండా ఆ మూలనున్నదంతా ఒక్కసారే అంటుకుంటుంది. ఇదే నాకింగ్. అప్పుడు పుట్టే ఒత్తిడి అలలు గోడ నుంచి గోడకు కొట్టుకుంటూ సిలిండర్‌ను గంటలా మోగిస్తాయి. 86 మిల్లీమీటర్ల సిలిండర్‌లో ఆ మోత సెకనుకు దాదాపు 6,500 కంపనాలు ఉంటుంది.

శబ్దం ఒక్కటే అయితే టెన్షన్ పడక్కర్లేదు. సిలిండర్ లోపలి మంట 2,000 డిగ్రీలు దాటి ఉంటుంది, పిస్టన్‌ను చేసిన అల్యూమినియం మిశ్రమం 660 డిగ్రీల లోపే కరిగిపోతుంది. అయినా పిస్టన్ కరగదు. దాని మీద కదలకుండా అంటిపెట్టుకుని ఉండే పలచటి వాయువు పొర దుప్పటిలా కాపాడుతుంటుంది. నాకింగ్ అలలు ఆ దుప్పటిని లాగేస్తాయి. గట్టిగా వస్తే కొద్ది సెకన్లలోనే పిస్టన్ అంచు తినేసినట్టు అయిపోతుంది. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ కారులో ఇందుకే విడిగా ఒక ట్యాంకు ఉండేది. అందులోని డిస్టిల్డ్ వాటర్, మిథనాల్ మిశ్రమం ఇంజిన్‌లోకి చిమ్మి గాలిని చల్లబరిచేది. ఈ పద్ధతి ఇప్పటికీ వాడుతున్నారు. చాలామంది ఇథనాల్ ఎక్కువగా కలిసిన ఇంధనానికి మారతారు. అది ఆవిరయ్యేటప్పుడు బాగా వేడిని లాక్కుంటుంది, అంత తేలిగ్గా నాకింగ్‌కు లొంగదు. కాకపోతే పెట్రోలు కన్నా ఎక్కువ పోయాలి కాబట్టి పంపులూ ఇంజెక్టర్లూ అన్నీ పెద్దవి కావాలి.

ఇక లోహం పడే కష్టం చూడండి. టొయోటా 2జేజెడ్ ఇంజిన్‌ను ఇలాంటి కార్లు కట్టేవాళ్లు ఎంతో ఇష్టపడతారు. దాని ఇనుప బ్లాకు అంత గట్టిది. అందులో ఒక్కో సిలిండర్ వ్యాసం 86 మిల్లీమీటర్లు, పిస్టన్ కిందికీ పైకీ నడిచే దూరం కూడా 86 మిల్లీమీటర్లే. మండేటప్పుడు లోపల 150 బార్, అంటే మన చుట్టూ ఉన్న గాలికి దాదాపు 150 రెట్ల ఒత్తిడి వస్తుందనుకుంటే, అరచేయంత పిస్టన్ నెత్తిన దాదాపు తొమ్మిది టన్నుల బరువు పడ్డట్టు. 8,000 చుట్ల వేగంలో ఒక్కో పిస్టన్ మీద ఈ దెబ్బ సెకనుకు 67 సార్లు పడుతుంది. అందుకే పోత పోసిన పిస్టన్లు తీసేసి ఫోర్జింగ్ చేసినవి, అంటే లోహాన్ని గట్టిగా నొక్కి మలిచినవి వేస్తారు, సిలిండర్ మీది మూత అయిన సిలిండర్ హెడ్ పైకి లేవకుండా గట్టి స్టడ్‌లు బిగిస్తారు.

అయితే పిస్టన్‌ను కింద తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్‌ను తెంపేది చాలాసార్లు ఈ తోపుడు కాదు, లాగుడు. పిస్టన్ పైకొచ్చి ఆగి వెనక్కి తిరిగే క్షణంలో అరకిలో పిస్టన్ రెండు టన్నుల బలంతో రాడ్‌ను లాగుతుంది. పొగ బయటికి పోయే చుట్టులో పై నుంచి నొక్కే ఒత్తిడి కూడా ఉండదు, భారమంతా రాడ్ బోల్టులదే. కాబట్టి ఆ బోల్టులను చేతి అంచనాతో బిగించరు. బోల్టు పొడవు ముందు కొలిచి, బిగించాక ఎంత సాగిందో మళ్లీ కొలుస్తారు.

ఇంజిన్ కారులోకి ఎక్కాక మొదట స్టార్ట్ చేయరు. ప్లగ్‌లు తీసేసి, స్టార్టర్‌తో ఊరికే తిప్పుతూ ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా చూస్తారు. గొట్టాల్లోకి గాలి ఎక్కించి, అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో వెతుకుతారు. ఆ తర్వాతే డైనో.

డైనోలో చక్రాల కింద ఒక బరువైన డ్రమ్ము ఉంటుంది. దాన్ని కారు ఎంత త్వరగా వేగం ఎక్కిస్తుందో చూసి బలం లెక్కగడతారు. ఒక్కో పరుగు పది పదిహేను సెకన్లే. ఆ కాసేపు ఇంజిన్ కంప్యూటరు సెట్టింగులు సరిచేసే ట్యూనర్ కళ్లు హార్స్‌పవర్ అంకె మీద ఉండవు. గాలికి తగ్గ ఇంధనం పడుతోందా, నాక్ సెన్సర్ ఏమంటోంది, బూస్ట్, అంటే టర్బో కుక్కే గాలి ఒత్తిడి, అనుకున్నచోట ఆగిందా అని చూస్తాడు. తక్కువ బూస్ట్‌తో మొదలుపెట్టి కొంచెం కొంచెం ఎక్కిస్తాడు. స్పార్క్ పడే సమయాన్ని క్రాంక్‌షాఫ్ట్ తిరిగే కోణంలో ఒక్కో డిగ్రీ ముందుకు జరుపుతాడు. జరిపినా బలం పెరగలేదంటే అక్కడ ఆగిపోతాడు, ఎందుకంటే ఆ పైన మిగిలేది ఒత్తిడే తప్ప లాభం లేదు. గొప్ప ట్యూనర్ ఎవరో ఆ ఆగడంలోనే తెలుస్తుందని నా నమ్మకం. డైనో అంకెల మీద గొడవలు మాత్రం అనవసరం. యంత్రాన్ని బట్టి, ఆనాటి వాతావరణాన్ని బట్టి అవి మారతాయి. అదే డైనో మీద అదే కారు నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత మారిందో చూడాలి.

చివరి పరీక్ష మూసి ఉంచిన ట్రాక్ మీద. అక్కడ టైర్లు అడ్డుపడతాయి. 1,500 కిలోల కారుకు వెనక చక్రాలకే బలం అందుతుంటే, మామూలు రోడ్డు టైర్లతో 200 కిలోమీటర్ల వేగం దాటేదాకా వెయ్యి హార్స్‌పవర్‌ను నేల పట్టుకోలేదు. అంతకు ముందే పెడల్ పూర్తిగా తొక్కితే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. అందుకే కింది గేర్లలో కంప్యూటరే బూస్ట్ తగ్గించి పెడుతుంది.

పూర్తి బలంతో ఒక పరుగు తీసి, ఇంజిన్‌ను అక్కడికక్కడే ఆపేసి కారును తోసుకుంటూ వస్తారు. ప్లగ్‌లు చల్లారాక ఒక్కొక్కటీ విప్పి, తెల్లటి పింగాణీని భూతద్దం కింద తిప్పి తిప్పి చూస్తారు. దాని మీద ఉప్పు రేణువుల కన్నా చిన్నవి, మెరిసే చుక్కలు కనిపిస్తే అవి పిస్టన్ నుంచి ఊడిన అల్యూమినియం. అప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి, ఆ సిలిండర్‌కు స్పార్క్‌ను రెండు డిగ్రీలు వెనక్కి జరుపుతారు.