ఇరవై రోజుల ఆలస్యం, ఆరు లక్షల బాకీ: 16(4) నోటీసుల వెనక అనంతపురం కేసు

2022-23 సంవత్సరానికి, మోసం ఆరోపణ లేని కేసులకు వర్తించే సెక్షన్ 73 కింద జీఎస్టీ షోకాజ్ నోటీసులు ఇవ్వడానికి గడువు 2026 సెప్టెంబర్ 30. ఆర్డర్లకు డిసెంబర్ 31. అందుకే కర్నూలు, కడప, అనంతపురం ట్యాక్స్ ప్రాక్టీషనర్ల ముందుకు పాత ప్రశ్న మళ్లీ వచ్చింది. నోటీసు సారాంశం ఒక్క ముక్కే: రిటర్ను ఆలస్యంగా వేశారు, క్రెడిట్‌కు గడువు పెట్టే సెక్షన్ 16(4) ప్రకారం అందులో తీసుకున్న ఇన్‌పుట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకు వచ్చే క్రెడిట్) చెల్లదు, వడ్డీతో సహా వెనక్కి కట్టండి. బిల్లు దొంగదని గానీ, సరుకు రాలేదని గానీ, అమ్మినవాడు పన్ను ఎగ్గొట్టాడని గానీ ఈ నోటీసుల్లో ఉండదు. తప్పల్లా తేదీదే.

జీఎస్టీ ఎలా వచ్చిందో అందరికీ తెలుసు కాబట్టి దాని జోలికి పోవడం లేదు. ఈ గొడవ అసలు మలుపు అనంతపురంలోని ఒక ప్లైవుడ్ దుకాణం దగ్గర ఉంది. ఆ వ్యాపారం 2020 మార్చిలో మొదలైంది. నెల తిరక్కముందే దేశమంతా లాక్‌డౌన్. మార్చి రిటర్ను 2020 నవంబర్ 27న పడింది. లేట్ ఫీజు కట్టారు, నాలుగున్నర లక్షలకు పైగా ఇన్‌పుట్ తీసుకున్నారు. అప్పటి చట్టం ప్రకారం 2019-20 ఇన్‌పుట్‌కు ఆఖరి తేదీ ఆ ఏడు సెప్టెంబర్ రిటర్ను గడువు, అంటే అక్టోబర్ 20. ముప్పై ఎనిమిది రోజులు దాటిపోయింది.

వ్యాపారి హైకోర్టుకు వెళ్లారు. బిల్లు ఉండాలి, సరుకు అందాలి లాంటి సెక్షన్ 16(2)లోని షరతులన్నీ నెరవేర్చాను, అది 16(4) కంటే పైది. పైగా లేట్ ఫీజు తీసుకుని రిటర్ను ఒప్పుకున్నాక ఇన్‌పుట్ కాదనడం ఏమిటి అన్నది వాదన. 2023 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రెండూ తోసిపుచ్చింది. ఇన్‌పుట్ క్రెడిట్ అనేది చట్టం ఇచ్చే రాయితీ, రాయితీకి గడువు పెట్టే అధికారం చట్టసభకు ఉంది, లేట్ ఫీజు కట్టినంత మాత్రాన ఆ గడువు పెరగదు అంది.

‘రాయితీ’ అన్న ఆ మాటే తర్వాతి నోటీసులన్నిటికీ ఊతకర్ర. చట్టం అక్షరాన్ని బట్టి తీర్పును తప్పుపట్టలేం. ఏళ్ల తరబడి పాత బిల్లులు తెచ్చి క్రెడిట్ అడుగుతుంటే ఏ సంవత్సరం లెక్కా ముగియదన్న శాఖ మాటలోనూ న్యాయముంది. కానీ దుకాణదారుకు ఇన్‌పుట్ రాయితీ కాదు, సరుకు కొన్నరోజే జేబులోంచి పోయిన పన్ను. అది ఒప్పుకోకపోతే ఒకే సరుకు మీద రెండుసార్లు పన్ను పడుతుంది. పన్ను మీద పన్ను ఉండదన్న మాటతోనే కదా జీఎస్టీని తెచ్చింది!

ఇక ఆలస్యం ఎందుకవుతుందో చూడాలి. చాలామంది అనుకున్నట్టు అది బద్ధకం కాదు. తాడిపత్రిలో బండలు పాలిష్ పట్టే యూనిట్‌నో, ఆదోనిలో జిన్నింగ్ మిల్లునో తీసుకోండి. సరుకు అరువు మీద పోతుంది, పన్ను మాత్రం వచ్చేనెల 20కి కట్టాలి. క్రెడిట్ పోను మిగిలిన పన్ను పైసాతో సహా పోర్టల్‌లోని నగదు లెడ్జర్‌లో వేస్తే తప్ప 3బి (పన్ను కట్టే నెలవారీ రిటర్ను జీఎస్టీఆర్-3బి) ఫైల్ కాదు. సగం ఇప్పుడు, సగం వడ్డీతో తర్వాత అంటే పోర్టల్ ఒప్పుకోదు. ఒక నెల ఆగితే తర్వాతి నెలది వేయనివ్వదు. 3బి పడకపోతే 2022 జనవరి నుంచి మరుసటి నెల అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 కూడా ఆగుతుంది, దాంతో మన దగ్గర కొన్నవాళ్ల 2బిలో (కొనుగోళ్ల మీద వచ్చే క్రెడిట్‌ను పోర్టల్ చూపే జాబితా) మన బిల్లు కనపడదు, వాళ్లు డబ్బు ఆపుతారు. వరసగా రెండు నెలలు తప్పితే సరుకు పంపడానికి ఈ-వే బిల్లు పుట్టదు. లారీ కదలకపోతే పన్ను కట్టే డబ్బు ఎక్కడ నుంచి వస్తుంది?

లెక్క చూద్దాం. ఏడాదికి రెండు మూడు కోట్ల టర్నోవర్ ఉన్న దుకాణం. 2023 మార్చి అమ్మకాల మీద పన్ను రూ.4,00,000, కొనుగోళ్ల మీద ఇన్‌పుట్ రూ.3,60,000, కట్టాల్సింది రూ.40,000. గడువు ఏప్రిల్ 20. రిటర్ను పడింది డిసెంబర్ 20న. నగదు భాగం మీద 18 శాతం చొప్పున ఎనిమిది నెలల వడ్డీ దాదాపు రూ.4,800, లేట్ ఫీజు గరిష్ఠంగా రూ.5,000. ఆలస్యానికి చట్టం చెప్పిన శిక్ష ఇదే, దుకాణదారు కట్టేశారు. కానీ తర్వాత మారిన చట్టం ప్రకారం 16(4) గడువు నవంబర్ 30. దాటింది ఇరవై రోజులు. అందుకని రూ.3,60,000 క్రెడిట్ మొత్తం రద్దు, దాని మీద మూడేళ్ల వడ్డీ రూ.1,94,400, పది శాతం జరిమానా రూ.36,000. వెరసి రూ.5,90,400. నోటీసు అందిన 30 రోజుల్లో పన్ను, వడ్డీ కట్టేస్తే జరిమానా ఒక్కటి తప్పుతుంది.

అప్పట్లో 16(4) గడువు రిటర్ను గడువును బట్టే ఉండేది, కానీ అసలు ఏది రిటర్నో ప్రభుత్వానికే తేలని రోజులున్నాయి. కొనుగోళ్లు సరిచూసుకోవడానికి ఉద్దేశించిన జీఎస్టీఆర్-2ను 2017 నవంబర్‌లో పక్కన పెట్టారు. తాత్కాలికమన్న 3బి శాశ్వతమైంది. 2019 జూన్‌లో గుజరాత్ హైకోర్టు 3బి అసలు రిటర్నే కాదంది. ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం వెనకటి తేదీ నుంచి రూల్ మార్చి రిటర్నే అంది. 2021లో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపు నిలిచింది. ఇంత అయోమయానికి మూల్యం కట్టింది మాత్రం చిన్న వ్యాపారి.

చివరికి 2024లో జీఎస్టీ కౌన్సిల్ మెత్తబడింది. జూన్ 22 సమావేశం సిఫారసుతో సెక్షన్ 16(5) వచ్చింది: 2017-18 నుంచి 2020-21 వరకు నాలుగేళ్ల ఇన్‌పుట్‌ను 2021 నవంబర్ 30లోపు రిటర్నులో తీసుకుని ఉంటే చెల్లుతుంది. అనంతపురం దుకాణం రిటర్ను వేసిన తేదీ ఆ గీతకు ఏడాది ముందే ఉంది. హైకోర్టు కాదన్నదాన్ని పార్లమెంటు ఏడాది తిరిగేసరికి అవునంది. అయితే రెండు మెలికలు పెట్టింది. భయపడి అప్పటికే కట్టేసినవారికి వాపసు లేదు, అంటే మాట విన్నవారే నష్టపోయారు. 2021-22 నుంచి ఈ ఊరట లేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో దశ కోవిడ్‌తో దుకాణాలు మూతపడ్డ సంగతి ఆ గీత గీసినవారికి గుర్తులేదా? ఇప్పటి నోటీసులన్నీ ఈ గీతకు అవతలి సంవత్సరాలవే.

నోటీసు వచ్చినవారు ముందు పోర్టల్‌లో ‘అదనపు నోటీసులు, ఆర్డర్లు’ అన్న మూల తెరిచి చూడాలి. చాలా ఆర్డర్లు అక్కడే పడి ఉంటాయి, మూడు నెలల అప్పీలు గడువు తెలియకుండానే కరిగిపోతుంది. తర్వాత బిల్లు వారీగా తేదీలు సరిచూడాలి. డెబిట్ నోటు (బిల్లు మొత్తాన్ని పెంచుతూ అమ్మినవాడు తర్వాత ఇచ్చే పత్రం) అయితే 2021 జనవరి నుంచి మూల బిల్లు ఏ ఏడాదిదన్నది లెక్కలోకి రాదు, నోటు తేదీనే పట్టుకోవాలి. క్రెడిట్ వాడకుండా లెడ్జర్‌లోనే ఉంటే వడ్డీ పడదు. జవాబు డీఆర్‌సీ-06 ఫారంలో ఇస్తూ వ్యక్తిగత విచారణ కావాలని రాతపూర్వకంగా అడగాలి.

ఇకముందు తప్పు జరిగేది ఎక్కడంటే, అక్టోబర్ 3బి నవంబర్ 20న వేసేసి, 25న పాత బిల్లు గుర్తొచ్చినప్పుడు. నవంబర్ 30 దాకా గడువు ఉన్నట్టే కనపడుతుంది, కానీ తర్వాతి రిటర్ను డిసెంబర్‌లో గానీ పడదు. ఆ బిల్లు క్రెడిట్ పోయినట్టే. వార్షిక రిటర్ను జీఎస్టీఆర్-9 ముందుగా వేసేసినా అంతే, ఆ రోజుతోనే 16(4) తలుపు మూసుకుంటుంది. కాబట్టి మార్చి దాకా ఉన్న కొనుగోళ్లన్నీ 2బితో సరిచూసిన తర్వాతే అక్టోబర్ 3బి ముట్టుకోవాలి.